నమ్మకంగా వేసుకున్న మాత్ర: దీర్ఘకాలిక లిథియం విషప్రభావంపై ఒక కేసు

గోదావరి డెల్టాలోని ఒక పట్టణ ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ విషం అనగానే అందరి మనసూ పురుగుమందు వైపే పోతుంది. చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల చెరువులు ఉన్న చోట అది సహజమే. ఈ కేసులో మాత్రం విషంగా మారింది డాక్టరు రాసిన మందు. రోగి దాన్ని ఎక్కువ మింగలేదు. ఒక్క పూట తప్పకుండా, రాసినంతే వేసుకుంది. మందు సరిగ్గా వాడే మనిషికి మందే ప్రాణం మీదకు ఎలా తెస్తుందో, అప్పుడు ఏ నిర్ణయం ఎందుకు తీసుకోవాలో చెప్పడానికి ఈ కేసు రాస్తున్నాను. ఆవిడను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆవిడకు అరవై దాటాయి. కొబ్బరి తోట, కొద్దిపాటి పొలం ఉన్న ఉమ్మడి కుటుంబం. బైపోలార్ జబ్బు ఉంది. కొన్నాళ్లు నిద్రే అక్కర్లేనంత ఉద్రేకం, కొన్నాళ్లు మంచం దిగలేనంత కుంగుబాటు. దాదాపు ఇరవై ఏళ్లుగా రోజుకు 900 మిల్లీగ్రాముల లిథియం కార్బొనేట్ వేసుకుంటోంది. ఆ మందు పడ్డాకే పిల్లల పెళ్లిళ్లు చేసింది, మనవల్ని పెంచింది. మధ్యలో ఒకసారి ‘బాగానే ఉన్నాను కదా’ అని మానేస్తే నెల తిరక్కుండా జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకటే నియమం: ఏది మానినా ఆ మాత్ర మాత్రం మానకూడదు.

ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ప్రకటించినప్పటి నుంచి ఈ జబ్బులో దానికి సాటి రాగల మందులు కొన్నే వచ్చాయి. ఆత్మహత్యల ముప్పును తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న మందు ఇది. ఇబ్బందల్లా దాని గీత సన్నం కావడంలోనే ఉంది. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే వైద్యం, 1.5 దాటితే విషలక్షణాలు మొదలుకావచ్చు. వయసు పైబడినవారిలో ఇంకా ముందే మొదలవుతాయి. పైగా లిథియం దాదాపు పూర్తిగా కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీకేమో లిథియానికీ సోడియానికీ పెద్దగా తేడా తెలియదు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గాయని అనిపించిన మరుక్షణం సోడియాన్ని వెనక్కు లాక్కుంటుంది, దాంతోపాటు లిథియాన్నీ లాక్కుంటుంది.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే, ఆ వేసవిలో ఆవిడకు జరిగినదంతా అర్థమవుతుంది.

మొదట, కొన్ని వారాల కిందట బీపీ బయటపడింది. దగ్గర్లోని క్లినిక్‌లో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రాశారు. థయజైడ్ మూత్రం ద్వారా సోడియం పోగొడుతుంది; అది చూసి కిడ్నీ లిథియాన్ని పట్టి ఉంచుతుంది. రక్తంలో లిథియం 25 నుంచి 40 శాతం దాకా పెరగడానికి ఇదొక్కటే చాలు. టెల్మిసార్టాన్ కూడా అదే వైపు తోస్తుంది. రెండోది, బీపీ ఉందని ఉప్పు తగ్గించమన్నారు. ఆవిడ ఏ పనైనా నిష్ఠగా చేసే మనిషి. ఇంటిల్లిపాదికీ ఆవకాయ కలిపి జాడీకెత్తి, తాను ముద్ద ముట్టలేదు. మజ్జిగలో కూడా ఉప్పు మానేసింది. మూడోది, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్. ఆ జాతి మాత్రలు కిడ్నీకి రక్తం అందే తీరును తగ్గించి, లిథియం బయటికి పోయే దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. నాలుగోది రోహిణి కార్తె. ఆ ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని కొన్ని రోజులు వదల్లేదు. తిండి, నీళ్లు నిలవకపోయినా, మాత్ర మాత్రం మానకూడదని లిథియం వేసుకుంటూనే ఉంది.

ఈ నాలుగింటిలో ఏదీ విడిగా చూస్తే వింత కాదు. బీపీకి ఆ మాత్ర రాయడం, ఉప్పు తగ్గించమనడం రోజూ జరిగేవే. బీపీ చూసినవారికి లిథియం సంగతి తెలియదు, మందుల షాపులో ఎవరూ అడగలేదు. లిథియం రాసే మానసిక వైద్యుడి దగ్గరకు ఏడాదికి పైగా వెళ్లలేదు. పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటున్నారు. రక్తంలో లిథియం చూసి కూడా అంతకాలమే అయింది.

1940లలో అమెరికాలో గుండెజబ్బు ఉన్నవారికి, ఉప్పు తినకూడని వారికి, ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. ఉప్పు మానేసినవాళ్లు కాబట్టి వారి కిడ్నీలు లిథియాన్ని మరింత పట్టి ఉంచాయి. మరణాలు బయటపడ్డాక 1949లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. కేడ్ తన ఫలితాలు ప్రకటించిందీ ఆ ఏడాదే. డెబ్బై ఏళ్లు దాటినా ఉప్పుకూ లిథియానికీ ఉన్న ఈ లంకె ఉప్పు తగ్గించమని చెప్పే మన సలహాల్లోకి చేరలేదు.

వచ్చినప్పటి పరిస్థితి

సాయంత్రం 108లో తెచ్చారు. వెంట కొడుకు, పెద్ద కోడలు. పంపినవారు చీటీ మీద ‘పక్షవాతం?’ అని రాశారు. దారిలో చూసిన ఆర్ఎంపీ వడదెబ్బ అన్నారట. కొడుకు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: “పాత జబ్బే తిరగబెట్టిందేమోనండీ. రెండు రోజుల నుంచి మాటకు మాటకు పొంతన లేదు.”

మూడు ఊహలు మా ముందుంచారు. ఒక్కొక్కదాన్ని తోసిపుచ్చడానికి ఆధారం రోగి ఒంట్లోనే దొరికింది.

పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మళ్లీ మగతలోకి జారుతోంది. తెలివిని కొలిచే గ్లాస్గో స్కోరు 15కి 13. మాట ముద్దగా ఉంది. చేతులు రెండూ పెద్దగా, ముతకగా వణుకుతున్నాయి. భుజాలు, తొడలు ఉండుండి ఉలిక్కిపడినట్లు అదురుతున్నాయి. మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతోంది, రెండు వైపులా ఒకేలా. నాలుక అట్ట కట్టినట్లు ఎండిపోయింది. నాడి 52, బీపీ 100/60, చక్కెర మామూలే, జ్వరం 99.6.

పక్షవాతం అయితే ఒక పక్కకు రావాలి, హఠాత్తుగా రావాలి. ఇది రెండు వైపులా సమానంగా, రోజుల తరబడి పెరుగుతూ వచ్చింది. వయసు దృష్ట్యా సీటీ తీయించాం, అది మామూలుగా ఉంది. ప్రాణం తీసే వడదెబ్బ అయితే ఒళ్లు కాలిపోతూ 104 దాటి ఉండాలి. పాత జబ్బు తిరగబెడితే మాట, నడత మారతాయి కానీ కండరాలు అదరవు, తూలు రాదు. మానసిక జబ్బు ఉన్న మనిషికి ఏం వచ్చినా దాన్ని ఆ జబ్బు ఖాతాలో వేసేయడం మా వృత్తిలో చాలా మందికి ఉన్న అలవాటు. ఇంట్లోవాళ్లకూ అదే అలవాటవుతుంది. ఎన్నో ప్రాణాంతకమైన సంగతులు ఆ తెర వెనకే దాగి ఉంటాయి. డెల్టాలో తప్పక చూడవలసిన మరొకటి పురుగుమందు. నోట్లో చొంగ లేదు, కంటిపాపలు సూదిమొనలా లేవు, ఊపిరితిత్తుల్లో గురగుర లేదు. అదీ కాదు.

కోడలు చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. “అత్తయ్యగారి మందులన్నీ ఇందులో ఉన్నాయండీ,” అంది. టేబుల్ మీద పోశాం. అన్నీ కత్తిరించిన ముక్కలే. షాపువాళ్లు కావలసినన్ని బిళ్లలు లెక్కపెట్టి స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఎక్కువసార్లు వాళ్ల దగ్గర మిగిలిన ముక్క మీదే ఉండిపోతుంది. ఒక ముక్క మీద సగం తెగిన పేరు, దాని చివర ఇంగ్లిషు హెచ్ అక్షరం కనిపించింది. బీపీ మాత్ర పేరు చివర ఆ అక్షరం ఉంటే చాలా మటుకు అది హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. ఇంకో ముక్క డైక్లోఫెనాక్. పేరే లేని తెల్ల బిళ్లలు కొన్ని మిగిలాయి. “ఇవి ఏమిటమ్మా?” అని అడిగితే, కోడలు పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన పాత ఓపీ కార్డు తీసింది. అందులో ఉంది లిథియం.

ముతక వణుకు, కండరాల అదురు, ముద్ద మాట, మగత, నెమ్మదించిన నాడి, ఎండిన నాలుక. పక్కన థయజైడ్, డైక్లోఫెనాక్. రోగనిర్ధారణకు ఇంకేం కావాలి?

రక్తపరీక్షల్లో, కిడ్నీ పనితీరు తగ్గితే పెరిగే క్రియాటినిన్ 2.3, సోడియం 146, కాల్షియం 10.9. సోడియం తెలియడం ముఖ్యం. థయజైడ్ వేసుకునే పెద్దవాళ్లలో సోడియం పడిపోయి కూడా ఇలాంటి మగత వస్తుంది. ఇక్కడ అది కాదని తేలింది. కాల్షియం కాస్త ఎక్కువ ఉండటం ఏళ్ల తరబడి లిథియం వాడినవారిలో పారాథైరాయిడ్ గ్రంథి వల్ల వచ్చేదే కావచ్చు. ఈసీజీలో నాడి నెమ్మదించింది, టీ తరంగాలు చదునయ్యాయి.

లిథియం మోతాదు చూసే యంత్రం మా దగ్గర లేదు. నమూనా బయటికి పంపాలి, ఫలితం మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాదు. పంపే ముందు నర్సుకు ఒక మాట గట్టిగా చెప్పాం: ఆకుపచ్చ మూత ట్యూబులో తీయవద్దు. ఆ ట్యూబుల్లో చాలా వాటిలో గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో పోస్తే రోగి ఒంట్లో లేని లిథియం కూడా లెక్కలో కనబడుతుంది. ఎర్ర మూత ట్యూబులో, చివరి మాత్ర వేసుకున్న సమయం రాసి పంపాం.

మొదట చేసినవి, ఫలించనివి

కొడుకు మొదట అడిగింది, “కడుపు కడగరా అండీ?” అని. పురుగుమందు కేసులు చూసిన ఊళ్లలో అది అందరూ అడిగే ప్రశ్న. ఇక్కడ దానివల్ల ఉపయోగం లేదు. విషం కడుపులో లేదు, వారాల తరబడి మెదడులోకి చేరిపోయింది. బొగ్గు పొడి లిథియాన్ని అసలు పట్టుకోదు. మగతలో ఉన్న మనిషి కడుపు కడిగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తప్ప వచ్చేది లేదు. ఈ మాట వాళ్లకు వివరంగా చెప్పాం. చెప్పకపోతే ‘విషం అన్నారు, కడుపు కూడా కడగలేదు’ అన్న అనుమానం ఉండిపోతుంది.

లిథియం, బీపీ మాత్ర, డైక్లోఫెనాక్ మూడూ ఆపాం. ఎండిపోయిన ఒంటికి సెలైన్ ఇవ్వాలి. ఉప్పు, నీరు అందితే కిడ్నీ లిథియాన్ని వదలడం మొదలుపెడుతుంది. తొలి గంటలో ఒక లీటరు, తర్వాత గంటకు 150 మిల్లీలీటర్లు. బీపీ 120కి లేచింది. మూత్రం ధారాళంగా వచ్చింది, గంటకు 300 దాటింది. చూసినవారందరికీ ధైర్యం వచ్చింది. మూత్రం బాగా వస్తోంది కాబట్టి మందు కూడా పోతుందనుకున్నారు.

నన్ను కలవరపెట్టింది ఆ సంచీలోని మూత్రం రంగే. అది మంచినీళ్లలా ఉంది. అంతగా ఎండిపోయిన మనిషి మూత్రం చిక్కగా, ముదురు పసుపుగా ఉండాలి. సాంద్రత చూస్తే 1.004. అంటే కిడ్నీ నీటిని పట్టి ఉంచే శక్తి పోగొట్టుకుంది. ఏళ్ల తరబడి లిథియం వాడినవారిలో ఇది తరచుగా కనిపించే మార్పు: నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్. కోడలిని అడిగితే, అత్తగారు రాత్రి మంచం పక్కన చెంబు నీళ్లు పెట్టుకుని పడుకుంటారని, రెండు మూడుసార్లు లేస్తారని, ఎన్నో ఏళ్లుగా అంతేనని చెప్పింది. దాహం వేసినప్పుడు తాగుతున్నంత కాలం శరీరం నెట్టుకొచ్చింది. మగత వచ్చి నీళ్లు అడగలేకపోయిన నాటి నుంచి తగ్గిన నీరు తగ్గినట్లే ఉంది. ఇప్పుడు మనం ఎక్కిస్తున్న సెలైన్‌లో ఉప్పు లోపల మిగులుతోంది, నీరు బయటికి పోతోంది.

రాత్రి పదకొండుకు సోడియం 152కి పెరిగింది. గ్లాస్గో స్కోరు 11కి దిగింది. అదుర్లు పెరిగాయి.

సెలైన్ ఆపి 5 శాతం డెక్స్‌ట్రోజ్, సగం బలం సెలైన్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాం. ముక్కు గొట్టం ద్వారా మంచినీళ్లు కూడా. సోడియం హడావిడిగా దించితే మెదడు వాస్తుంది, కాబట్టి కొన్ని గంటలకోసారి చూస్తూ మెల్లగా. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇస్తే లిథియం త్వరగా కొట్టుకుపోతుంది కదా అని ఒక సహచరుడు అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మూత్రం పెరగడం, లిథియం పోవడం ఒకటి కాదు. ఆ మందు ఉప్పునూ నీటినీ లాగేస్తే కిడ్నీ మళ్లీ లిథియాన్ని వెనక్కు తీసుకుంటుంది. థయజైడ్ చేసిన పనినే ఇంకో పేరుతో మనం చేసినట్లవుతుంది. వద్దనుకున్నాం.

అదుర్లకు లోరాజెపామ్ ఇవ్వాలా అన్నది మరో తర్జనభర్జన. మూర్ఛ వస్తే తప్పక ఇస్తాం. అదురు ఒక్కటే ఉన్నప్పుడు ఇస్తే మగత మందు వల్లా, విషం వల్లా అన్నది తెలియకుండా పోతుంది. ఆ రాత్రి మాకున్న ఒకే కొలత ఆవిడ తెలివి. దాన్ని చెరుపుకోదలచలేదు. సిరంజి మాత్రం మంచం పక్కనే సిద్ధంగా ఉంచాం.

సంఖ్య లేకుండా తీసుకున్న నిర్ణయం

అప్పటికి తేలింది, ఆవిడ కిడ్నీలు ఈ లిథియాన్ని తగిన సమయంలో బయటికి పంపలేవని. మామూలుగా దాని అర్ధాయువు ఒక రోజు చుట్టూ ఉంటుంది. పెద్ద వయసులో, ఏళ్ల తరబడి వాడినవారిలో రెండు రోజులు కూడా దాటవచ్చు. క్రియాటినిన్ 2.3 ఉంటే ఇంకా ఎక్కువ. అన్ని రోజులూ మెదడు ఆ విషంలోనే నానుతుంది. ముఖ్యంగా చిన్నమెదడు. అది దెబ్బతింటే లిథియం పూర్తిగా పోయాక కూడా తూలు, ముద్దమాట జీవితాంతం మిగిలిపోవచ్చు.

డయాలసిస్ చేయాలని నెఫ్రాలజిస్టుకు, అంటే కిడ్నీ వైద్యుడికి, ఫోను చేశాను. ఆయన మొదటి ప్రశ్న, “లెవెల్ ఎంతండీ?”

న్యాయమైన ప్రశ్నే. అర్ధరాత్రి డయాలసిస్ గది తెరిపించాలి, టెక్నీషియన్‌ను పిలిపించాలి, తొడ దగ్గర పెద్ద సిరలో గొట్టం వేయాలి. బీపీ పడిపోవచ్చు. అంకె చూడకుండా ఆ పని ఎందుకు చేయాలి?

నా వాదన ఇది. 2015లో ఎక్స్‌ట్రిప్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం లిథియం విషప్రభావానికి డయాలసిస్ ఎప్పుడు చేయాలో సిఫార్సులు ప్రచురించింది. కిడ్నీలు దెబ్బతిని లిథియం 4 దాటితే చేయాలంది. తెలివి తగ్గినా, మూర్ఛలు వచ్చినా, ప్రాణాంతకమైన గుండె లయ తేడాలు ఉన్నా, అంకెతో నిమిత్తం లేకుండా చేయాలంది. అయోమయం ఉన్నా, 1.0 కంటే దిగడానికి 36 గంటలకు పైగా పడుతుందని అనిపించినా చేయడం మంచిదంది. మా రోగికి తెలివి తగ్గుతోంది. అంకె 2 వచ్చినా 6 వచ్చినా నిర్ణయం మారదు. నిర్ణయాన్ని మార్చని పరీక్ష కోసం ఎదురుచూస్తే పోయేది మెదడే. లిథియం కణం చాలా చిన్నది, రక్తంలో ప్రోటీన్లకు అంటుకోదు. కిడ్నీ నిమిషానికి 10 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తాన్ని మాత్రమే లిథియం నుంచి శుభ్రం చేస్తే, డయాలసిస్ 100కి పైగా కూడా చేయగలదు. ఇంత బాగా డయాలసిస్‌కు లొంగే విషాలు కొన్నే ఉన్నాయి.

ఆయన కాసేపు ఆలోచించి, “వస్తున్నాను,” అన్నారు.

ఇంట్లోవాళ్లను ఒప్పించడం ఇంకో ఘట్టం. ఊళ్లో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లను వాళ్లు చూశారు. “ఒకసారి మొదలుపెడితే ఇక వారం వారం చేయించుకుంటూ ఉండాలటగా అండీ?” అన్నాడు కొడుకు. ఇది పాడైన కిడ్నీల బదులు చేసే డయాలసిస్ కాదని, ఒంట్లో చేరిన మందును తోడేయడానికి చేసేదని చెప్పాను. ఒకసారి తోడాక, బావిలో ఊట ఊరినట్లు, కండరాల్లో మెదడులో దాగి ఉన్న మందు మళ్లీ రక్తంలోకి వస్తుందని, అందుకే రెండోసారి కూడా అవసరం కావచ్చని ముందే చెప్పాను. ఈ మాట ముందుగా చెప్పడం చాలా అవసరం. లేకపోతే రెండోసారి అడిగినప్పుడు మొదటిది విఫలమైందని అనుకుంటారు.

యంత్రం అమరికలో మూడు సంగతులు నెఫ్రాలజిస్టుతో కూర్చుని తేల్చుకున్నాం. ఒంట్లోంచి నీరు తీయకూడదు. ఆవిడకు నీరు లోటే గానీ ఎక్కువ లేదు. ద్రావణంలో సోడియం మామూలుగా పెట్టేదానికంటే పైన, 145 దగ్గర ఉంచాలి. 152 ఉన్న మనిషిని ఒక్కసారిగా దించకూడదు. పొటాషియం మామూలుగానే ఉంది కాబట్టి, రోజూ వచ్చే కిడ్నీ రోగులకు వాడే తక్కువ పొటాషియం ద్రావణం వాడకూడదు. ఆరు గంటలు నడిపాం. బీపీ ఒక్కసారి తగ్గింది, రక్తప్రవాహం వేగం తగ్గిస్తే సర్దుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మొదటి నమూనా ఫలితం వచ్చింది: 3.1.

4 కంటే తక్కువే కదా, అనవసరంగా డయాలసిస్ చేశామా అని ఒక జూనియర్ డాక్టరు అడిగారు. ఈ ప్రశ్న రావడం మంచిదే, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. ఒకేసారి గుప్పెడు బిళ్లలు మింగిన మనిషి రక్తంలో లిథియం 5 ఉన్నా, కూర్చుని మాట్లాడుతూ ఉండవచ్చు. మందు ఇంకా మెదడులోకి చేరలేదు. రోజూ వేసుకునే మనిషిలో మెదడు, రక్తం ఎప్పుడో సమానమైపోయి ఉంటాయి. అక్కడ 2.5 కూడా ప్రాణాంతకం కావచ్చు. అంకె ఒకటే అయినా కథ వేరు.

తర్వాత

డయాలసిస్ ముగియగానే తీసిన నమూనాలో 1.1. ఎనిమిది గంటల తర్వాత తీసినదానిలో 1.8. అనుకున్నట్లే ఊరింది. ఆ మధ్యలో తెలివి పెద్దగా మెరుగుపడలేదు కూడా. రెండోసారి నాలుగు గంటలు చేశాం. అప్పుడు 0.7, పన్నెండు గంటల తర్వాత 0.8. ఇక పెరగలేదు.

అంకె దిగిన వెంటనే మనిషి లేచి కూర్చుంటుందని ఎవరూ ఆశించకూడదు. రక్తం శుభ్రపడ్డాక మెదడు శుభ్రపడటానికి రోజులు పడుతుంది. ఈ ఎడం ఇంట్లోవాళ్లకే కాదు, వార్డులో కొత్తగా చేరినవారికీ భయం పుట్టిస్తుంది. ఇంకో స్కాను, ఇంకో యాంటీబయాటిక్ అని తొందరపడతారు. జ్వరం లేదు, మెడ బిగుసుకోలేదు, అదుర్లు పూటపూటకూ తగ్గుతున్నాయి. కాబట్టి ఆగాం. మూడో రోజుకు కళ్లు తెరిచి కోడలిని పేరు పెట్టి పిలిచింది. వారానికి మాట చాలా వరకు తేరుకుంది. సోడియం 141కి, క్రియాటినిన్ 1.4కి వచ్చాయి. థైరాయిడ్ మందగించినట్లు తేలింది, దానికి చిన్న మోతాదు మాత్ర మొదలుపెట్టాం.

బీపీకి ఆమ్లోడిపిన్‌కు మార్చాం, అది లిథియంతో పెద్దగా గొడవపడదు. మోకాళ్లకు పారాసిటమాల్, ఫిజియోథెరపీ. మాకు తెలియకుండా నొప్పి మాత్ర, ఇంజెక్షన్ ఏదీ వద్దని ఆవిడకు చెప్పాం, ఆ ఊరి ఆర్ఎంపీకీ ఫోను చేసి చెప్పాం. ఆయన శ్రద్ధగా విని, లిథియం వాడే మరో మనిషి కూడా తన దగ్గరకు వస్తారని, వాళ్లకూ చెబుతానని అన్నారు. ఆర్ఎంపీల మీద కోపం చూపితే వచ్చేది లేదు. పల్లెలో వాంతులు పట్టుకున్న మనిషిని మొదట చూసేది వాళ్లే.

ఎమర్జెన్సీలో మా ప్రశ్న తీరు కూడా మార్చుకున్నాం. “ఏమైనా మందులు వాడుతున్నారా?” అంటే నొప్పి బిళ్ల సంగతి ఎవరూ చెప్పరు, వాళ్ల దృష్టిలో అది మందు కాదు. “మోకాళ్లకి, నడుముకి షాపులో ఏమైనా తెచ్చుకుంటున్నారా? ఉప్పు ఏమైనా తగ్గించారా? ఈ మధ్య కొత్తగా ఏ బిళ్ల మొదలైంది?” అని విడివిడిగా అడుగుతున్నాం. నిద్ర, మనసుకు సంబంధించిన మందు ఏదైనా ఉందా అన్నది కొడుకు ముందు కాకుండా, రోగి పక్కన ఎవరూ లేనప్పుడు అడుగుతున్నాం. సిగ్గుపడి దాచేవారు ఎక్కువ.

నా మనసును ఇప్పటికీ పట్టి ఉంచేది ఆ ఇంటి నియమం. ‘మానకూడదు’ అని ఇరవై ఏళ్ల కిందట ఎవరో మంచి డాక్టరు చెప్పారు. ఆ మాట ఆవిడను కాపాడింది. దానితోపాటు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, జ్వరంతో తిండీ నీళ్లూ మానేస్తే, ఆ రోజుకు మాత్ర ఆపి వెంటనే రక్తం చూపించుకోవాలన్న రెండో మాట కూడా చెప్పవలసింది. ఇప్పుడు లిథియం వాడే ప్రతి కుటుంబానికీ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను. వణుకు ముతకబడినా, నడకలో తూలు వచ్చినా అలాగే చేయమంటున్నాను. మామూలు రోజుల్లో రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి, కొన్ని నెలలకోసారి లిథియం, క్రియాటినిన్. ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్, కాల్షియం. కొత్త బీపీ మందు ఏది రాసినా వారం తిరక్కముందే మళ్లీ లిథియం పరీక్ష.

రెండు నెలలకు ఆవిడ తిరిగి చూపించుకోవడానికి వచ్చింది. మాట తేటగా ఉంది. గది అంతా ఆసరా లేకుండా నడిచింది. మడమకు బొటనవేలు తగిలిస్తూ ఒకే గీత మీద నడవమంటే మాత్రం నాలుగో అడుగుకు పక్కకు ఒరిగింది. లిథియం ఆపి రెండు నెలలు దాటినా మిగిలిన ఇలాంటి లక్షణాలను శాశ్వత నష్టంగా లెక్కపెట్టే పద్ధతి ఉంది. కానీ అంతకుముందు వారాల కంటే మెరుగ్గా ఉంది కాబట్టి ఇంకా తగ్గుతుందని మేం ఆశిస్తున్నాం. రోజూ ఇంట్లో గోడ పక్కన నడక సాధన చేస్తోంది.

మానసిక వైద్యుడు ఈలోగా ఈ జబ్బుకే వాడే క్వెటియాపిన్ మొదలుపెట్టారు. ఒక్కసారిగా లిథియం ఆపినప్పుడు జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ, అందుకే రెండు వారాలకోసారి చూస్తున్నారు. ఇంట్లోవాళ్లు ఇక లిథియం పేరు కూడా ఎత్తవద్దన్నారు. ఆవిడ మాత్రం మా ఇద్దరి ముందూ స్పష్టంగా చెప్పింది: “ఈ కొత్త మాత్రకు పొద్దంతా నిద్రేనండీ. నాకు ఇరవై ఏళ్లు బతుకునిచ్చింది ఆ మందే. మీరు సరిగ్గా చూస్తూ ఇస్తానంటే మళ్లీ వేసుకుంటాను.”

ఆ మాటను మానసిక వైద్యుడు కాగితం మీద రాసుకున్నారు. తూలు పూర్తిగా తగ్గితేనే, క్రియాటినిన్ నిలకడగా ఉంటేనే, రాత్రి పూట 300 మిల్లీగ్రాములతో, 0.4 నుంచి 0.6 మధ్య ఉంచేలా మళ్లీ ఆలోచిద్దామన్నారు. తూలు మిగిలితే మొదలుపెట్టేది లేదని కూడా ఆవిడకు చెప్పారు. వచ్చే నెల మళ్లీ ఆ గీత మీద నడిపించి చూస్తాం.